నోడ్ ఎక్స్‌పోర్టర్‌కి ఎస్‌ఈలినక్స్ పాలసీ: ప్రాజెక్టు డైరీ

దశ 0: ఉన్న పరిస్థితి

మెషీన్లు ఎక్కువగా రాకీ లినక్స్ 9, కొన్ని ఉబుంటు (వాటి సంగతి కింద). మానిటరింగ్ ప్రొమీథియస్, ప్రతి మెషీన్ మీద నోడ్ ఎక్స్‌పోర్టర్ (మెషీన్ లెక్కలు, అంటే మెట్రిక్స్, ప్రొమీథియస్‌కి అందించే ఏజెంట్), బైనరీ /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌లో, సిస్టమ్‌డీ సర్వీస్‌గా నడుస్తుంది, పోర్టు 9100. యూజర్ కూడా వేరే, రూట్ కాదు. ఎస్‌ఈలినక్స్ అంటే ఏ ప్రోగ్రామ్ ఏం ముట్టుకోవచ్చో పాలసీ చూసి ఆపే కట్టడి. గెట్‌ఎన్‌ఫోర్స్ కొడితే ఎన్‌ఫోర్సింగ్ (అంటే ఆపుతోంది) అనే వస్తుంది, ఆడిట్‌కి వచ్చినవాళ్లు అది చూసి టిక్ పెట్టుకుని వెళ్లిపోతారు. కానీ పీఎస్ -ఈజెడ్ కొట్టి చూస్తే ఏజెంట్ ఉన్నది అన్‌కన్‌ఫైన్డ్_సర్వీస్_టీ డొమైన్‌లో (డొమైన్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కి ఏ రూల్స్ వర్తిస్తాయో చెప్పే పేరు). సిస్టమ్‌డీ గనక బిన్_టీ లేబుల్ (ఫైల్‌కి ఎస్‌ఈలినక్స్ తగిలించే చీటీ) ఉన్న ఏ బైనరీని స్టార్ట్ చేసినా, దానికంటూ పాలసీ లేకపోతే అది పడేది అక్కడే, అక్కడ ఎస్‌ఈలినక్స్ పట్టించుకునేది దాదాపు ఏమీ ఉండదు. అన్ని మెషీన్ల మీదా ఉండి నెట్‌వర్క్‌లో పోర్టు తెరుచుకుని కూర్చునే ప్రోగ్రామ్ ఇది, దానికే ఏ హద్దూ లేదు. ఆ హద్దు గీసే పాలసీ రాయడమే ఈ ప్రాజెక్టు.

కమాండ్లు, పాత్‌లు ఇక్కడ పలికినట్టు రాశా, టైప్ చేసేముందు మాన్ పేజీ ఒకసారి చూసుకోండి.

దశ 1: ముందు కొలత, తర్వాతే పాలసీ

ఏజెంట్ పూర్తిగా ఆగిపోతే భయం లేదు, ప్రొమీథియస్‌లో అప్ అనే మెట్రిక్ 0 అయిపోయి అలర్ట్ వచ్చేస్తుంది. అసలు భయం ఏంటంటే ఏజెంట్ నడుస్తూనే ఉంటుంది, అప్ 1 చూపిస్తూనే ఉంటుంది, కానీ ఒక డిస్క్ తాలూకు మెట్రిక్స్ మాత్రం కనపడకుండా పోతాయి. డిస్క్ 90 శాతం దాటితే చెప్పు అని రూల్ రాసుకున్నాం అనుకోండి, ఆ సిరీసే (మెట్రిక్స్ పేజీలో ఒక్కో లైన్) లేకపోతే రూల్ దేనితో పోల్చుకుంటుంది, గమ్మునుంటుంది. అందుకే ఆడిట్ లాగ్‌లో డినయల్స్ (ఎస్‌ఈలినక్స్ కాదన్న రికార్డులు) లేవు అంటే పని అయిపోయినట్టు కాదని ముందే అనుకున్నాం, మెట్రిక్స్ లిస్టుతోనే లెక్క తేల్చాలి.

1. మెట్రిక్స్ పేజీని కర్ల్‌తో తెచ్చి, # తో మొదలయ్యే లైన్లు గ్రెప్ -వీ తో తీసేయండి.
2. చివరి కాలమ్, అంటే విలువ, సెడ్‌తో కోసేయండి. పేరూ లేబుల్సూ (ఇవి మెట్రిక్ లేబుల్స్, ఎస్‌ఈలినక్స్‌వి కావు) మిగలాలి అంతే.
3. సార్ట్ చేసి "ముందు" అని ఒక ఫైల్‌లో పెట్టుకోండి.
4. పాలసీ ముట్టుకున్న ప్రతిసారీ ఇదే చేసి "తర్వాత" ఫైల్ తీసి రెండిటికీ డిఫ్ కొట్టండి.
5. నోడ్_స్క్రేప్_కలెక్టర్_సక్సెస్ (ఒక్కో కలెక్టర్, అంటే ఏజెంట్‌లో ఒక్కో రకం మెట్రిక్స్ తెచ్చే భాగం, పనిచేస్తే 1, లేకపోతే 0) విలువలు మాత్రం విడిగా రాసుకోండి, పైన విలువలు కోసేశాం కదా.

ఐదో స్టెప్పులో ఒక మెలిక. ఏ పాలసీ లేకుండానే కొన్ని కలెక్టర్లు 0 చూపిస్తాయి: ఇన్ఫినిబ్యాండ్, జెడ్‌ఎఫ్‌ఎస్, బాండింగ్ లాంటివి మెషీన్‌లో లేకపోతే డేటా లేదని 0 ఇస్తాయి. అవి ముందే రాసిపెట్టుకోకపోతే తర్వాత ప్రతి 0 కీ ఎస్‌ఈలినక్స్‌నే తిట్టుకోవాల్సి వస్తుంది.

లెక్క: సిరీస్ 1,214. సక్సెస్ 0 ఉన్న కలెక్టర్లు 9. స్క్రేప్ (ఒకసారి మెట్రిక్స్ లాగడం) టైమ్ 0.04 సెకన్ల చుట్టుపక్కల.

దశ 2: పాలసీ అస్థిపంజరం

కావాల్సిన ప్యాకేజీలు: పాలసీకోర్‌యుటిల్స్-డెవెల్, ఎస్‌ఈలినక్స్-పాలసీ-డెవెల్, సెటూల్స్-కన్సోల్. ఆర్‌పీఎం-బిల్డ్ కూడా వేసుకోండి, జనరేట్ అయ్యే స్క్రిప్ట్ చివర్లో ఆర్‌పీఎం కట్టబోయి అది లేక పడిపోతుంది.

1. సెపాలసీ జనరేట్‌కి ఇనిట్ ఆప్షన్ ఇచ్చి బైనరీ పాత్ ఇవ్వండి. టీఈ (రూల్స్), ఎఫ్‌సీ (ఏ పాత్‌కి ఏ లేబుల్), ఐఎఫ్ (ఇంటర్‌ఫేస్‌లు, అంటే పేరు పెట్టి పిలిచే రెడీమేడ్ రూల్స్ మూటలు) ఫైల్స్, ఒక స్పెక్, ఒక షెల్ స్క్రిప్ట్ వస్తాయి.
2. ఎఫ్‌సీ ఫైల్‌లో బైనరీ లైన్ ఉందో లేదో చూడండి. /వార్/లిబ్/నోడ్_ఎక్స్‌పోర్టర్ డైరెక్టరీకి (స్క్రిప్టులు రాసిపెట్టిన మెట్రిక్స్ ఫైల్స్ ఏజెంట్ చదివే చోటు) లైన్ మనమే కలపాలి.
3. టీఈ ఫైల్‌లో ఆ డైరెక్టరీకి నోడ్_ఎక్స్‌పోర్టర్_వార్_లిబ్_టీ అని టైప్ (లేబుల్‌లో రూల్స్ చూసే పేరు) పెట్టి, ఏజెంట్‌కి చదివే పర్మిషన్లు మాత్రమే ఇవ్వండి.
4. బిల్డ్, సెమాడ్యూల్ -ఐ (పాలసీ లోడ్), రెస్టోర్‌కాన్ -ఆర్‌వీ (లేబుల్స్ సరిచేయడం), సర్వీస్ రీస్టార్ట్.

సెపాలసీ జనరేట్‌కి -డబ్ల్యూ ఆప్షన్ ఉంది, డైరెక్టరీ ఇస్తే టైపులూ రూల్సూ అన్నీ అదే రాసిపెడుతుంది, కానీ అది రాసే హక్కులతో సహా ఇచ్చేస్తుంది. మన ఏజెంట్ ఎక్కడా ఏమీ రాయదు. కాబట్టి వాడలేదు, నాలుగు లైన్లు చేత్తో రాసుకోవడమే మేలు.

మొదటి మెషీన్‌లో సర్వీస్ లేవలేదు, 203/ఎగ్జెక్, పర్మిషన్ డినైడ్. మా పాలసీ తప్పేమో అని టీఈ ఫైల్ అంతా వెతికాక తేలింది ఏంటంటే, ఆ మెషీన్‌లో రెస్టోర్‌కాన్ అయ్యాక కొత్త వెర్షన్ టార్ ఫైల్‌ని ఎవరో హోమ్ డైరెక్టరీలో విప్పి ఎంవీ తో తెచ్చి పెట్టారు. ఎంవీ పాత లేబుల్‌ని వెంట తెస్తుంది, అంటే యూజర్_హోమ్_టీ. సీపీ అయితే చేరిన చోట లేబుల్ తీసుకుంటుంది. మ్యాచ్‌పాత్‌కాన్ -వీ కొడితే ఉండాల్సిన లేబుల్, ఉన్న లేబుల్ పక్కపక్కన కనిపిస్తాయి. అప్‌గ్రేడ్ స్క్రిప్ట్‌లో కాపీ తర్వాత రెస్టోర్‌కాన్ లైన్ శాశ్వతంగా కలిపేశాం.

దశ 3: 9100 పోర్టు ప్రింటర్లది

ఇది ఎవరూ చెప్పరు. సెమానేజ్ పోర్ట్ -ఎల్ కొట్టి 9100 వెతకండి, హెచ్‌పీలిప్_పోర్ట్_టీ అని వస్తుంది. నెట్‌వర్క్ ప్రింటర్లు ముడి డేటా తీసుకునే పోర్టు అది, ప్రొమీథియస్ పుట్టకముందు నుంచీ. అన్‌కన్‌ఫైన్డ్‌లో ఉన్నంతకాలం ఎవరూ అడగలేదు, సొంత డొమైన్ రాగానే నేమ్_బైండ్ (పోర్టు పట్టుకోవడం) డినయల్ వచ్చింది.

ఆడిట్2అలౌ -ఆర్ (డినయల్స్ చూసి రూల్స్ సూచించే కమాండ్) ఏం సలహా ఇచ్చిందంటే హెచ్‌పీలిప్ పోర్టుకి బైండ్ అయ్యే ఇంటర్‌ఫేస్ పెట్టేయమని. పని జరుగుతుంది, కాదనను. కానీ ఆ టైప్ కింద 9100 ఒక్కటే లేదు, 9101, 9102, 9220, 50000 ఇలా చాలా ఉన్నాయి, అన్నిటికీ తలుపు తెరిచినట్టే. మాకు సర్వర్లలో ప్రింటింగ్ లేదు కాబట్టి పోర్టునే వేరే టైప్‌కి మార్చాం:

1. టీఈ ఫైల్‌లో నోడ్_ఎక్స్‌పోర్టర్_పోర్ట్_టీ టైప్, దానికి కోర్‌నెట్_పోర్ట్ మాక్రో.
2. ఆ టైప్ మీద నేమ్_బైండ్ మాత్రమే అలౌ.
3. మాడ్యూల్ లోడ్ చేశాకే సెమానేజ్ పోర్ట్ కమాండ్. ముందు కొడితే అలాంటి టైప్ లేదంటుంది.
4. -ఏ కాదు, -ఎం వాడండి. 9100 బేస్ పాలసీలో ఇప్పటికే ఉంది, మనది మార్పు.

మీ మెషీన్ నుంచి నిజంగా ప్రింటర్‌కి పంపే పని ఉంటే ఇది చేయకండి, ఏజెంట్‌నే ఇంకో పోర్టుకి మార్చుకోండి.

లెక్క: చేత్తో రాసిన అలౌ రూల్స్ 3, ఇంటర్‌ఫేస్ కాల్స్ 2.

దశ 4: పర్మిసివ్‌లో, ఒక్క డొమైన్ మాత్రమే

ఇక్కడ మా టీమ్‌లో కుర్రాడు, "అన్నా, ఓ రెండ్రోజులు సెటెన్‌ఫోర్స్ 0 కొట్టేద్దాం, లాగ్స్ అన్నీ వచ్చేస్తాయి" అన్నాడు. అక్కర్లేదు. జనరేట్ అయిన టీఈ ఫైల్‌లోనే ఈ డొమైన్‌ని పర్మిసివ్ (ఆపకుండా లాగ్ మాత్రమే చేయడం) చేసే లైన్ ఉంటుంది, మిగతా మెషీన్ అంతా ఎన్‌ఫోర్సింగ్‌లోనే ఉంటుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆ లైన్ టీఈ ఫైల్‌లో ఉన్నంతవరకూ సెమానేజ్ పర్మిసివ్ -డీ కొట్టినా లాభం లేదు, లైన్ తీసి మళ్లీ బిల్డ్ చేయాల్సిందే.

ఇంకో సంగతి, పర్మిసివ్‌లో ఒకే రకం డినయల్ మొదటిసారే లాగ్ అవుతుంది, తర్వాత కెర్నెల్ క్యాష్‌లో అనుమతి పడిపోయి గమ్మునైపోతుంది. అంచేత "లాగ్‌లో ఒక్కసారే వచ్చింది, పెద్దగా అవసరం లేదేమో" అనే తర్కం పనికిరాదు.

వచ్చినవి వేర్వేరు డినయల్స్ 31. వాటిని ఇలా విడగొట్టాం.

మెషీన్ స్థితికి సంబంధించినవి, ఇవ్వాల్సిందే: /ప్రోక్ సాధారణ ఫైల్స్‌కి కెర్నెల్_రీడ్_సిస్టమ్_స్టేట్, నెట్‌వర్క్ లెక్కలకి కెర్నెల్_రీడ్_నెట్‌వర్క్_స్టేట్, రైడ్ స్థితికి కెర్నెల్_రీడ్_సాఫ్ట్‌వేర్_రైడ్_స్టేట్, /సిస్‌కి డెవ్_రీడ్_సిస్‌ఎఫ్‌ఎస్, డిస్క్ సైజులకి ఎఫ్‌ఎస్_గెట్‌ఆటర్_ఆల్_ఎఫ్‌ఎస్. నెట్‌డెవ్ కలెక్టర్ ఇప్పటి వెర్షన్లలో /ప్రోక్ బదులు నెట్‌లింక్‌తో అడుగుతుంది, కాబట్టి నెట్‌లింక్_రూట్_సాకెట్ కూడా.

వింతగా కనిపించినా నిరపాయమైనవి: /ప్రోక్/సిస్/నెట్/కోర్/సోమాక్స్‌కాన్ చదవడం. ఇది ఏజెంట్ కోరిక కాదు, గో భాషలో రాసిన ఏ సర్వర్ అయినా లిజన్ చేసేముందు ఆ ఫైల్ చూస్తుంది, దొరక్కపోతే 128 అనుకుని ముందుకెళ్తుంది. ఏజెంట్‌కి ఎలాగూ సిస్‌సీటీఎల్ విలువలు కావాలి కాబట్టి ఇచ్చాం.

ఇవ్వనివి: ప్రాసెసెస్ కలెక్టర్ అడిగినవి. ఇది డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, మావాళ్లు ఎప్పుడో ఆన్ చేశారు. దానికి అన్ని ప్రాసెస్‌ల /ప్రోక్ డైరెక్టరీలూ చదవాలి, ఆడిట్2అలౌ సలహా డొమైన్_రీడ్_ఆల్_డొమైన్స్_స్టేట్. అది ఒక్క లైనే, కానీ అందులో ఎన్విరాన్ ఫైల్ కూడా వస్తుంది, ఎస్‌ఈలినక్స్ ఆ చదువుని వేరే పర్మిషన్‌గా చూడదు. డేటాబేస్ పాస్‌వర్డులు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టే అప్లికేషన్లు మా దగ్గర బోలెడు. యూజర్ వేరు కాబట్టి మామూలు ఫైల్ పర్మిషన్లు ఆపుతాయి నిజమే, కానీ ఆ ఒక్క గోడనే నమ్ముకునేట్టయితే ఈ పాలసీ అంతా ఎందుకు. ఇంటి అద్దె ఎంతని అడగడానికి వచ్చినవాడికి బీరువా తాళాలు ఇవ్వడమే అది. కలెక్టర్ ఆఫ్ చేశాం, మొత్తం ప్రాసెస్‌ల సంఖ్య మీద ఉన్న ఒక్క అలర్ట్ పోయింది, ఎవరూ అడగలేదు.

ప్రాసెసెస్ ఆఫ్ చేశాక దశ 1 లిస్టు మళ్లీ తీసి దాన్నే కొత్త "ముందు" ఫైల్‌గా పెట్టుకున్నాం.

లెక్క: సిరీస్ 1,187. ఇంటర్‌ఫేస్ కాల్స్ 11. తిరస్కరించింది 1.

దశ 5: ఎన్‌ఫోర్సింగ్, ఆరు లైన్లు గల్లంతు

పర్మిసివ్ లైన్ తీసేసి లోడ్ చేశాం. సర్వీస్ లేచింది, అప్ 1, జర్నల్‌లో ఎర్రర్ లేదు, ఏయూసెర్చ్‌లో (ఆడిట్ లాగ్ వెతికే కమాండ్) ఏవీసీ, అంటే డినయల్ రికార్డు, ఒక్కటి లేదు, గ్రఫానా డాష్‌బోర్డు అంతా ఆకుపచ్చ. డిఫ్ కొడితే 6 సిరీస్ లేవు.

పోయినవన్నీ ఒకే మౌంట్‌వి, /హోమ్ కింద ఉన్న బ్యాకప్ డిస్క్. సైజ్, ఫ్రీ, అవైల్, ఫైల్స్, ఫైల్స్_ఫ్రీ, రీడ్‌ఓన్లీ. మిగిలింది నోడ్_ఫైల్‌సిస్టమ్_డివైస్_ఎర్రర్ ఒక్కటే, దాని విలువ 0 నుంచి 1 అయింది, అది మనం డిఫ్‌లో విలువలు కోసేశాం కాబట్టి డిఫ్‌లో కనపడలేదు. జర్నల్ ఎందుకు మాట్లాడలేదంటే స్టాట్‌ఎఫ్‌ఎస్ (ఫైల్ సిస్టమ్ సైజు అడిగే కాల్) విఫలమైతే నోడ్ ఎక్స్‌పోర్టర్ ఆ సంగతి డీబగ్ లెవెల్లోనే రాస్తుంది.

మరి ఆడిట్ లాగ్ ఎందుకు ఖాళీ? డోంట్‌ఆడిట్ రూల్స్ వల్ల. డెమన్లు ఊరికే హోమ్‌లోకి తొంగిచూస్తుంటాయని, ఆ గోల లాగ్‌లో రాయొద్దని పాలసీలో ముందే ఉంటుంది. చేయాల్సింది:

1. సెమాడ్యూల్ -డీబీ, అంటే డోంట్‌ఆడిట్ రూల్స్ తీసేసి మళ్లీ బిల్డ్.
2. ఒక స్క్రేప్ జరగనివ్వండి.
3. ఏయూసెర్చ్‌లో మన డొమైన్ పేరుతో వెతకండి. హోమ్_రూట్_టీ మీద సెర్చ్ డినయల్ కనిపించింది.
4. సెమాడ్యూల్ -బీ తో వెనక్కి పెట్టండి. ఇది మర్చిపోతే ఆడిట్ లాగ్ పొంగిపోతుంది.

ఫిక్స్: హోమ్_రూట్_టీ డైరెక్టరీ మీద సెర్చ్ మాత్రమే. లోపల ఏముందో లిస్ట్ చేయడానికీ వీల్లేదు, ఫైల్స్ చదవడానికీ వీల్లేదు, దారిలో నడిచి మౌంట్ పాయింట్ దాకా పోవడానికే. ఫైల్ సిస్టమ్ సైజు తెలుసుకోవడానికి అంతకుమించి అవసరం లేదు.

ఇదే లక్షణాలు ఎస్‌ఈలినక్స్ లేకుండా కూడా రావచ్చు, యూనిట్ ఫైల్‌లో ప్రొటెక్ట్‌హోమ్=యెస్ పెట్టినా /హోమ్ మౌంట్లు ఏజెంట్‌కి కనపడవు. ముందు అది చూసుకోండి.

లెక్క: సిరీస్ 1,181, ఫిక్స్ తర్వాత 1,187. అలౌ రూల్స్ 4.

దశ 6: తెల్లారేసరికి తొమ్మిది

మర్నాడు పొద్దున డిఫ్‌లో 9 లైన్లు లేవు. ఈసారి టెక్స్ట్‌ఫైల్ కలెక్టర్. రాత్రి క్రాన్ స్క్రిప్ట్ బ్యాకప్ వివరాలు ఒక డాట్ ప్రోమ్ ఫైల్‌లో రాస్తుంది. ఆ స్క్రిప్ట్ /టీఎంపీ లో ఫైల్ తయారుచేసి ఎంవీ చేస్తోంది. మళ్లీ ఎంవీ. టెంప్ లేబుల్ వెంట వచ్చింది, మన డొమైన్‌కి అది చదివే హక్కు లేదు. పర్మిసివ్‌లో ఎందుకు పట్టుబడలేదంటే, అప్పుడున్న ఫైల్‌ని దశ 2 లో మనమే రెస్టోర్‌కాన్ కొట్టాం, క్రాన్ మళ్లీ నడిచేలోపే ఎన్‌ఫోర్సింగ్‌కి వెళ్లిపోయాం. పర్మిసివ్ కాలం మీ దగ్గరున్న అన్నిటికంటే నెమ్మది క్రాన్ జాబ్ కంటే ఎక్కువ ఉండాలి, నెలకోసారి నడిచేది ఉంటే దాన్ని చేత్తో నడిపించండి.

టెంప్ ఫైల్స్ చదవనివ్వమని ఆడిట్2అలౌ సలహా, వద్దు. స్క్రిప్ట్ మార్చాం: టెంప్ ఫైల్ అదే టెక్స్ట్‌ఫైల్ డైరెక్టరీలో డాట్ ప్రోమ్ కాని ఎక్స్‌టెన్షన్‌తో తయారవుతుంది, పూర్తయ్యాక అక్కడే పేరు మారుతుంది. కొత్త ఫైల్ డైరెక్టరీ లేబుల్‌నే తీసుకుంటుంది, పైగా ఒకే ఫైల్ సిస్టమ్‌లో రీనేమ్ కాబట్టి ఏజెంట్‌కి సగం రాసిన ఫైల్ ఎప్పుడూ కనపడదు. /టీఎంపీ వేరే ఫైల్ సిస్టమ్ అయితే ఎంవీ అంటే కాపీనే, ఆ గ్యారంటీ ఎస్‌ఈలినక్స్ రాకముందు కూడా లేదన్నమాట.

ఇక్కడ కలెక్టర్ సక్సెస్‌ని నమ్మకండి, ఫైల్ చదవలేకపోయినా టెక్స్ట్‌ఫైల్‌కి అది 1 గానే ఉంది. నోడ్_టెక్స్ట్‌ఫైల్_స్క్రేప్_ఎర్రర్ చూడాలి.

లెక్క: సిరీస్ 1,178, స్క్రిప్ట్ మార్చాక 1,187. పాలసీలో మార్పు 0.

దశ 7: సిస్టమ్‌డీ కలెక్టర్, ఏవీసీ కాని ఏవీసీ

సర్వీసులు ఫెయిల్ అయితే తెలియాలి కాబట్టి సిస్టమ్‌డీ కలెక్టర్ ఆన్ చేశాం, యూనిట్-ఇంక్లూడ్ ఆప్షన్‌తో ఆరు సర్వీసులకే, లేకపోతే ప్రతి యూనిట్‌కీ ఐదేసి లైన్లు వచ్చి పడతాయి. కలెక్టర్ సక్సెస్ 0. ఏయూసెర్చ్ -ఎం ఏవీసీ ఖాళీ. డోంట్‌ఆడిట్ తీసినా ఖాళీ.

కారణం, ఇక్కడ ఆపుతున్నది కెర్నెల్ కాదు. డీబస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి), సిస్టమ్‌డీ రెండూ తమంతట తామే ఎస్‌ఈలినక్స్ పాలసీని అడిగి నిర్ణయం తీసుకుంటాయి, ఆ డినయల్స్ యూజర్_ఏవీసీ అనే వేరే రకంగా రికార్డ్ అవుతాయి. -ఎం తర్వాత ఏవీసీ, యూజర్_ఏవీసీ, ఎస్‌ఈలినక్స్_ఈఆర్‌ఆర్ మూడూ కామాలతో ఇవ్వండి, ఇకపై ఎప్పుడూ అలాగే.

1. డీబస్_సిస్టమ్_బస్_క్లయింట్: బస్‌కి కనెక్ట్ అవ్వడానికి.
2. ఇనిట్_డీబస్_చాట్: సిస్టమ్‌డీతో మాట్లాడ్డానికి.
3. సిస్టమ్ క్లాస్, సర్వీస్ క్లాస్ మీద స్టేటస్ మాత్రమే. స్టార్ట్, స్టాప్ ఇవ్వొద్దు.

మూడోది ముఖ్యం. కొన్ని రెడీమేడ్ పాలసీల్లో ఈ చోట స్టార్ట్, స్టాప్ కూడా కలిపి ఇచ్చేస్తుంటారు. మానిటరింగ్ ఏజెంట్ సర్వీసుని ఆపగలగడం ఎవరికీ అక్కర్లేదు.

లెక్క: సిరీస్ 1,227. స్క్రేప్ టైమ్ 0.05 సెకన్ల దగ్గర. అలౌ రూల్స్ 6, ఇంటర్‌ఫేస్ కాల్స్ 13.

దశ 8: హార్డెనింగ్ కలిపితే డొమైన్ మారలేదు

యూనిట్ ఫైల్‌లో సిస్టమ్‌డీ సొంత కట్టడులు కూడా పెడదామని రిస్ట్రిక్ట్‌అడ్రస్‌ఫ్యామిలీస్ లైన్ కలిపాం. రీస్టార్ట్ తర్వాత పీఎస్ -ఈజెడ్‌లో మన డొమైన్ పేరు కనపడలేదు. లాగ్‌లో ప్రాసెస్2 క్లాస్ మీద ఎన్‌ఎన్‌పీ_ట్రాన్సిషన్ డినయల్.

నోన్యూప్రివిలేజెస్ (ప్రోగ్రామ్ కొత్త హక్కులు తెచ్చుకోకుండా ఆపే సెట్టింగ్) అని మేం రాయలేదు, కానీ సర్వీస్ రూట్ కాని యూజర్‌తో నడుస్తుంటే రిస్ట్రిక్ట్‌అడ్రస్‌ఫ్యామిలీస్, సిస్టమ్‌కాల్‌ఫిల్టర్ లాంటివి దాన్ని వాటంతటవే ఆన్ చేస్తాయి. అది ఆన్‌లో ఉంటే ఎగ్జెక్ సమయంలో డొమైన్ మారడానికి పాలసీలో ప్రత్యేకంగా అనుమతి ఉండాలి. ఇనిట్_టీ నుంచి మన డొమైన్‌కి ఎన్‌ఎన్‌పీ_ట్రాన్సిషన్, నోస్యూయిడ్_ట్రాన్సిషన్ అలౌ చేసే లైన్ ఒకటి రాస్తే పోయింది. అడ్రస్ ఫ్యామిలీల్లో ఐనెట్, ఐనెట్6 తో పాటు యూనిక్స్ (డీబస్ కోసం), నెట్‌లింక్ (నెట్‌డెవ్ కోసం) పెట్టడం మరవకండి, లేకపోతే మళ్లీ డిఫ్‌లో లైన్లు రాలిపోతాయి, ఈసారి ఆడిట్ లాగ్‌కి సంబంధమే ఉండదు.

లెక్క: సిరీస్ 1,227. అలౌ రూల్స్ 7.

దశ 9: నిజంగా ఆపుతోందా

ఇప్పటిదాకా పనిచేస్తోందా అనే చూశాం. సెసెర్చ్ -ఏ (పాలసీలో అలౌ రూల్స్ వెతికే కమాండ్) తో సోర్స్ మన డొమైన్, టార్గెట్ షాడో_టీ (పాస్‌వర్డుల ఫైల్ టైప్) ఇచ్చి చూస్తే ఖాళీ. ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీల టైప్, డేటాబేస్ ఫైల్స్ టైప్ ఇచ్చినా ఖాళీ. తర్వాత టెస్ట్ మెషీన్‌లో టెక్స్ట్‌ఫైల్ డైరెక్టరీని, అందరూ చదవగలిగే పర్మిషన్లతో ఉన్న వెబ్‌సైట్ కంటెంట్ డైరెక్టరీకి తిప్పి అక్కడో డాట్ ప్రోమ్ ఫైల్ పెట్టాం. మామూలు పర్మిషన్లు ఒప్పుకుంటాయి, ఎస్‌ఈలినక్స్ ఒప్పుకోలేదు, స్క్రేప్_ఎర్రర్ 1.

ఉబుంటు మెషీన్లు

అక్కడ ఎస్‌ఈలినక్స్ బదులు యాప్‌ఆర్మర్. లేబుల్స్ కాదు, పాత్‌ల మీద పనిచేస్తుంది, కాబట్టి ఎంవీ గొడవలు ఏవీ లేవు, 9100 గొడవ అసలే లేదు. ప్రొఫైల్‌లో /ప్రోక్, /సిస్ చదవడం, టెక్స్ట్‌ఫైల్ డైరెక్టరీ చదవడం, డీబస్ అబ్‌స్ట్రాక్షన్, ఎన్విరాన్‌కి డినై లైన్. ఏఏ-కంప్లెయిన్‌లో పెట్టి, ఏఏ-లాగ్‌ప్రోఫ్‌తో చూసుకుని, ఏఏ-ఎన్‌ఫోర్స్. ఒక పూటలో అయిపోయింది. లోతు అంత లేదు, కానీ ఆ మెషీన్లకి చాలు.

మిగతా మెషీన్లకి, వెనక్కి తీయాలంటే

పీపీ ఫైల్‌ని (బిల్డ్ అయిన పాలసీ మాడ్యూల్) మీ దగ్గరున్న మెషీన్లలో అన్నిటికంటే పాత మైనర్ వెర్షన్ మీద బిల్డ్ చేయండి, కొత్తదాని మీద కట్టింది పాతదాంట్లో లోడ్ కాకపోవచ్చు. మేం ఆన్సిబుల్‌తో (చాలా మెషీన్లలో ఒకే పని చేయించే టూల్, ఆ పనుల జాబితా ప్లేబుక్) పంపుతున్నాం: మాడ్యూల్, తర్వాత పోర్టు, తర్వాత రెస్టోర్‌కాన్, తర్వాత రీస్టార్ట్, ఈ వరసే. రీస్టార్ట్ అయ్యాక ప్లేబుక్ మెట్రిక్స్ లిస్ట్ తీసి ఆ మెషీన్ పాత లిస్టుతో డిఫ్ కొడుతుంది, ఒక్క లైన్ తగ్గినా అక్కడే ఆగిపోతుంది.

ప్రొమీథియస్‌లో కొత్తగా మూడు అలర్ట్స్: ఫైల్‌సిస్టమ్_డివైస్_ఎర్రర్ 1 అయితే, టెక్స్ట్‌ఫైల్_స్క్రేప్_ఎర్రర్ 1 అయితే, నిన్న 1 ఉన్న కలెక్టర్ సక్సెస్ ఇవాళ 0 అయితే. మూడోదానికి ఆఫ్‌సెట్ 1డీ వాడాం, అందువల్ల ఆ తొమ్మిది ఎప్పటి 0 లూ గోల చేయవు.

వెనక్కి తీయడానికి:

1. సర్వీస్ ఆపండి.
2. సెమానేజ్ పోర్ట్ -డీ తో 9100 మార్పు తీసేయండి. ఇది ముందు చేయకపోతే, లేని టైప్‌ని పోర్టు పట్టుకుని ఉందని సెమాడ్యూల్ -ఆర్ ఒప్పుకోదు.
3. సెమాడ్యూల్ -ఆర్ నోడ్_ఎక్స్‌పోర్టర్.
4. బైనరీకి, /వార్/లిబ్ డైరెక్టరీకి రెస్టోర్‌కాన్ -ఆర్‌వీ, పాత లేబుల్స్ వస్తాయి.
5. సర్వీస్ స్టార్ట్ చేసి పీఎస్ -ఈజెడ్‌లో మళ్లీ అన్‌కన్‌ఫైన్డ్_సర్వీస్_టీ కనిపిస్తోందో లేదో చూడండి.